చార్ల్స్‌టన్‌లో పాత చాపెల్, ప్లాంటేషన్ పెళ్లి: లైటింగ్, టైమింగ్, ఇంకా కొన్ని సందేహాలు

షార్లెట్_శ్రీను | సోమవారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. అక్టోబర్ రెండో శనివారం సౌత్ కరోలినాలోని చార్ల్స్‌టన్‌లో ఒక పెళ్లి ఒప్పుకున్నాను. అమ్మాయి మనవాళ్లే. గుంటూరు వైపు కుటుంబం, తను పెరిగింది మాత్రం షార్లెట్‌లో. అబ్బాయి వాళ్లది అక్కడే, తరతరాలుగా ఒకే చర్చికి వెళ్లే ఇల్లు. అందుకని ఒకే రోజు రెండు పెళ్లిళ్లు పెట్టుకున్నారు. పొద్దున ప్లాంటేషన్‌లో (పాతకాలపు పెద్ద వ్యవసాయ ఎస్టేట్) ఓక్ చెట్ల కింద మన పెళ్లి, ముహూర్తం 10:40కి. మధ్యాహ్నం మూడున్నరకి దగ్గర్లోనే ఒక పాత చాపెల్‌లో, అంటే చిన్న చర్చిలో, వాళ్ల పద్ధతిలో. సాయంత్రం మళ్లీ ప్లాంటేషన్‌కే వచ్చి రిసెప్షన్. వేదికల పేర్లు రాయను, పెళ్లివాళ్లకి ఇబ్బంది. రెండూ ఆష్లీ రివర్ రోడ్డు మీదే ఉన్నాయి.

మన పెళ్లిళ్లు బాంక్వెట్ హాళ్లలో, గుళ్లలో చాలానే చేశాను కానీ ఇలాంటి చోట ఇదే మొదలు. చాపెల్‌లో ఫ్లాష్ వాడొద్దన్నారు, ఆల్టర్ ముందున్న కటకటాలు దాటొద్దన్నారు. బయట చూస్తే చెట్ల కింద ఎండా నీడా కలిసి పడుతున్నాయి. వెన్యూ వాళ్లు పంపిన ఫొటోల్లోనే ముఖాల మీద మచ్చలు మచ్చలుగా ఉంది. నా దగ్గర సోనీ బాడీలు రెండు, 35, 85, 70-200 లెన్సులు ఉన్నాయి. సెకండ్ షూటర్‌గా, అంటే నాతో పాటు తీసే రెండో ఫొటోగ్రాఫర్‌గా, చార్ల్స్‌టన్‌లోనే ఉండే ఒక అమ్మాయిని మాట్లాడుకున్నాను. అటువైపు చేసినవాళ్లుంటే ఏం చూసుకోవాలో చెప్పండి.

అట్లాంటా_లెన్స్ | సోమవారం, రాత్రి 11:03

శ్రీను గారూ, ముందు చాపెల్ సంగతి.

శుక్రవారం సాయంత్రం రిహార్సల్ ఉంటుంది కదా, దానికి తప్పకుండా వెళ్లండి. మన పెళ్లిళ్లకి రిహార్సల్ అలవాటు లేదు కాబట్టి చాలామంది దీన్ని వదిలేస్తారు. అక్కడి పాస్టర్‌ని గానీ, పెళ్లి నడిపించే చర్చి కో-ఆర్డినేటర్‌ని గానీ పట్టుకుని మీరు ఎక్కడ నిలబడొచ్చో ముందే అడిగేయండి. కొందరు వరుసల వెనక నుంచే తీయమంటారు, కొందరు పక్క నడవలోకి రానిస్తారు, ఇంకొందరు మేడ మీద గ్యాలరీ ఎక్కనిస్తారు. పెళ్లి రోజు అడిగితే 'వద్దు' అనే మాటే వినపడుతుంది.

18వ శతాబ్దపు చాపెల్ అయితే గోడలు తెల్లగా ఉంటాయి, కిటికీలు పెద్దవి, పైన గుండ్రంగా. లైటు మీరు భయపడేంత తక్కువేం ఉండదు. మూడున్నరకి పడమటి కిటికీల నుంచి బాగానే వస్తుంది. ఐఎస్‌ఓ (సెన్సర్ సున్నితత్వం) 3200 నుంచి 6400, లెన్స్ ఎపర్చర్ ఎఫ్ 2 దగ్గర, షట్టర్ 1/160 సెకనుకి తగ్గకుండా. నడిచి వచ్చేటప్పుడు 1/250 ఉంచండి. అసలు తలనొప్పి వేరే ఉంది. పాత షాండ్లియర్లలో ఇప్పుడు ఎల్‌ఈడీ బల్బులు పెడుతున్నారు. సైలెంట్ షట్టర్‌లో తీస్తే ఫొటో అడ్డంగా చారలు పడొచ్చు. రిహార్సల్‌లో ఒక వంద ఫ్రేములు సైలెంట్‌లో కొట్టి స్క్రీన్ మీద జూమ్ చేసి చూడండి. చారలుంటే మెకానికల్ షట్టర్‌కి మారిపోండి, యాంటీ ఫ్లికర్ ఆన్ చేయండి. ప్రార్థన సమయంలో మాత్రం ఒక్క క్లిక్ కూడా వద్దు. నిశ్శబ్దంగా ఉన్న ఆ చిన్న గదిలో షట్టర్ చప్పుడు అందరికీ వినిపిస్తుంది.

ఇంకోటి, నేల. పాత పైన్ చెక్క పలకలు. అడుగు వేస్తే కిర్రుమంటాయి. మెత్తటి అడుగున్న బూట్లు వేసుకోండి. ఏ పలక అరుస్తోందో కూడా శుక్రవారమే చూసుకోండి, నవ్వకండి, నిజంగానే.

మాధవి_ర్యాలీ | మంగళవారం, ఉదయం 7:40

పైన చెప్పినవన్నీ కరెక్టే. టైమింగ్ విషయంలో నాకు టెన్షన్‌గా ఉంది శ్రీను గారూ.

10:40కి జీలకర్ర బెల్లం అంటే మాంగల్యధారణ, తలంబ్రాలు, సప్తపది అయ్యేసరికి పన్నెండు దాటుతుంది. తర్వాత భోజనాలు. మనవాళ్ల భోజనాలు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తాయో మీకు తెలుసు. పెళ్లికూతురు జుట్టు నిండా అక్షింతలు, చేతుల మీద పసుపు, కాళ్లకి పారాణి. అవన్నీ సర్ది, జడ విప్పి, గౌను వేయించాలంటే గంటన్నర తక్కువ కాదు. తలంబ్రాల బియ్యం జడలోంచి తీయడానికే అరగంట పడుతుంది. పసుపు గోళ్లలో ఉండిపోతుంది, ఉంగరాల క్లోజప్‌లో బాగా తెలుస్తుంది. నాకైతే అది ఉంటేనే బాగుంటుంది. కానీ అమ్మాయిని ఒక మాట అడిగి ఉంచండి.

ఆష్లీ రివర్ రోడ్డు, అంటే 61వ నంబరు హైవే, అటొక లేన్ ఇటొక లేన్. రెండు పక్కలా చెట్లు, తప్పుకునే చోటు ఉండదు. ఒక్క కారు ఆగిపోతే అందరూ ఆగిపోవాల్సిందే. మ్యాప్‌లో పదిహేను నిమిషాలని చూపిస్తే ముప్పై అనుకోండి. మీరు మాత్రం అతిథుల బస్సుతో పాటు వెళ్లకండి, ముందే వెళ్లిపోండి.

సాయంత్రం జంట ఫొటోలకి ఐదున్నర నుంచి ఆరున్నర దాకా గట్టిగా పట్టుకోండి. అక్టోబర్ రెండో వారంలో అక్కడ సూర్యాస్తమయం ఏడుకి ఓ పది నిమిషాల ముందు. చెట్ల కింద ఇంకా ముందే చీకటి పడిపోతుంది.

ఫుల్_ఫ్రేమ్_ఫణి | మంగళవారం, ఉదయం 9:15

ఓక్ చెట్ల లైటు గురించి నేను చెప్తాను.

అవి లైవ్ ఓక్స్. అక్టోబర్‌లో ఆకు రాల్చవు, ఏడాదంతా పచ్చగానే ఉంటాయి. కొమ్మలు అడ్డంగా సాగి, వాటి నుంచి బూడిదరంగు జడల్లా స్పానిష్ మాస్ వేలాడుతుంది. (అది స్పెయిన్‌దీ కాదు, నాచూ కాదు. అనాస కుటుంబం మొక్క.) వాటి మధ్య నుంచి వచ్చే ఎండ చిల్లులు చిల్లులుగా పడుతుంది. ఆకుల మీద నుంచి వచ్చే పచ్చదనం ముఖాల మీద కూడా పడుతుంది. మన చామనఛాయకి ఆ పచ్చ కలిస్తే మనిషి జ్వరం వచ్చినట్టు ఉంటాడు. గ్రే కార్డ్ పెట్టి కస్టమ్ వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) తీసుకోండి, ఆటో మీద వదలొద్దు.

ఇప్పుడు మండపం దిక్కు. వధూవరుల్ని తూర్పుముఖంగా కూర్చోబెడతారు. ఆ తేదీకి, ఆ టైముకి అక్కడ సూర్యుడు సరిగ్గా ఆగ్నేయంలో, నలభై డిగ్రీల లోపు ఎత్తులో ఉంటాడు. అంటే పైనుంచి కాదు, కొమ్మల కింద నుంచి ఏటవాలుగా నేరుగా పెళ్లికొడుకు కళ్లలోకి. మండపానికి పూల పందిరి మాత్రమే వేస్తే పని జరగదు. పైన మందపాటి తెల్ల గుడ్డ కట్టించండి, ఆగ్నేయం వైపు ఒక పరదా దించమనండి. డెకరేటర్‌కి ఈ మాట ఇప్పుడే చెప్పాలి, ఆ రోజు పొద్దున చెప్తే వాళ్ల దగ్గర గుడ్డ ఉండదు.

తెల్ల గుడ్డ కింద తెల్ల మధుపర్కాలు, ఎర్ర అంచు. ఎక్స్‌పోజర్ మధుపర్కం చూసుకుని పెట్టండి, చీర మీద నేత పోకుండా. నీడలు తర్వాత లేపుకోవచ్చు, కాలిపోయిన తెలుపు తిరిగి రాదు. ఒక ఫ్లాష్‌కి సాఫ్ట్‌బాక్స్ తగిలించి ఈశాన్యం వైపు స్టాండ్ మీద పెట్టండి, ఇసుక బస్తాతో సహా. పిల్లలు పరిగెత్తుతారు.

జీలకర్ర బెల్లం దగ్గర అడ్డుతెరకి అటొకరు ఇటొకరు ఉండాలి. మీ సెకండ్ షూటర్‌కి మన పెళ్లి కొత్త అయితే వీడియో కాల్‌లో ఒకసారి క్రమం చెప్పండి. తాళి కట్టేటప్పుడు అక్షింతలు ఎటునుంచి పడతాయో, మేనమామలు ఫోన్లు పట్టుకుని ఎలా ముందుకొస్తారో చెప్పకపోతే పాపం ఆ అమ్మాయికి దొరికేది వీపులే.

అరుంధతీ దర్శనం మాత్రం వదలకండి. పట్టపగలు అందరూ తలెత్తి ఆ జడల చెట్టులోకి చూస్తారు. కింద కూర్చుని 35తో తీయండి.

డ్రోన్_దాము | మంగళవారం, మధ్యాహ్నం 12:30

ఆ చెట్ల దారిని పైనుంచి తీస్తే అదిరిపోతుంది అన్నా. డ్రోన్ పెట్టండి.

ఫుల్_ఫ్రేమ్_ఫణి | మంగళవారం, మధ్యాహ్నం 12:52

దాము తమ్ముడూ, చార్ల్స్‌టన్ విమానాశ్రయం, ఎయిర్‌ఫోర్స్ బేస్ ఒకే రన్‌వేలు వాడుకుంటాయి. చుట్టూ కంట్రోల్డ్ ఎయిర్‌స్పేస్. డబ్బు తీసుకుని ఎగరేస్తే పార్ట్ 107 (డ్రోన్ పైలట్) సర్టిఫికెట్ ఉండాలి, ఆ చోటు ఎయిర్‌స్పేస్ లోపలికి వస్తే యాప్‌లో ముందే అనుమతి తీసుకోవాలి, ఆపైన వెన్యూ ఒప్పుకోవాలి. ఆ ప్లాంటేషన్లు చాలావాటికి టూరిస్టులు వస్తూనే ఉంటారు, గుర్రాలుంటాయి. అయినా పైనుంచి చూస్తే ఆకులు తప్ప ఏం కనపడవు. ఆ దారి అందం కింద నిలబడితేనే.

నల్లగొండ_నర్సి | మంగళవారం, రాత్రి 9:20

లైటింగ్ గురించి బాగా చెప్తున్నారు. నాది వేరే ప్రశ్న. ఆ ప్లాంటేషన్ ఏమిటో ఇక్కడ ఒక్కరూ అనలేదు. అది బానిసల చేత వరి పండించిన జాగ. కొన్నిచోట్ల వాళ్లుండిన గుడిసెలు ఇంకా ఉన్నాయి. దాని ముందు మనం తలంబ్రాలు పోసుకుంటున్నాం. ఫొటోగ్రాఫర్‌గా మీకెవరికీ ఏం అనిపించదా? కయ్యానికి కాదు, తెలుసుకుందామనే అడుగుతున్నా.

ఎన్ఆర్ఐ_నాన్న | మంగళవారం, రాత్రి 10:05

నర్సి గారూ, శ్రీను గారు అడిగింది లెన్సుల గురించి. పెళ్లి ఎక్కడ చేసుకోవాలనేది ఆ ఇంటివాళ్ల ఇష్టం. అలా లెక్క తీస్తే గోల్కొండ కోట ఎవరి చెమటతో కట్టారు? ఏ కోటలోనూ, ఏ రాజభవనంలోనూ ఫొటో దిగకూడదు. ఎప్పుడో జరిగినదానికి ఇప్పటి పిల్లల సంతోషాన్ని పాడుచేయడం ఎందుకండీ? నేనూ ఆడపిల్ల తండ్రినే. డిపాజిట్ కట్టాక ఇలాంటి మాటలు వింటే ఆ తల్లిదండ్రులకి ఎలా ఉంటుంది?

నల్లగొండ_నర్సి | మంగళవారం, రాత్రి 10:41

అన్నా, కోపం లేదు. మా దిక్కు గడీలున్నాయి. దొరల గడీలు. వాటి ముందు వెట్టి చేసినవాళ్ల మనవలు ఇంకా ఆ ఊళ్లలోనే ఉన్నారు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను దేశ్‌ముఖ్ మనుషులు కాల్చి చంపారు, తెలంగాణ సాయుధ పోరాటం అక్కడి నుంచి ఎగిసింది. ఇప్పుడు అలాంటి గడీల్లో ప్రీ వెడ్డింగ్ షూట్లు నడుస్తున్నాయి. ఫొటోలు బాగుంటాయి, నేను కాదనను. కానీ ఆ గేటు దగ్గర దండం పెట్టి నిలబడిన మనిషి మనవడు మన లైట్ స్టాండ్ మోస్తూ ఉంటే, కొంచెం ఆలోచించి ఫ్రేమ్ పెడతాం కదా. గోల్కొండ చుట్టుపక్కల అలాంటి మనవడు ఎవరో మనకి తెలీదు. చార్ల్స్‌టన్‌లో తెలుసు. కేటరింగ్‌లో ఉంటారు, అతిథుల్లో ఉంటారు.

కూపర్_రివర్_కృష్ణ | బుధవారం, ఉదయం 6:55

నేను మౌంట్ ప్లెజెంట్‌లో ఉంటాను, పెళ్లి ఫొటోలు నా వృత్తి కాదు, పక్షుల ఫొటోలు తీస్తాను. ఈ చోట్ల గురించి మాత్రం కొంచెం తెలుసు.

అందరికీ తెలిసిన ఉదాహరణ బూన్ హాల్, మా ఊళ్లోనే. ఓక్ చెట్ల దారిని 1743లో నాటించారు, ముప్పావు మైలు. ఆ దారి చివర తెల్ల స్తంభాలతో కనిపించే పెద్ద భవంతిని చూసి అందరూ 'అబ్బ, ఎంత పాతదో' అంటారు. అది 1936లో కట్టింది. నిజంగా పాతవి ఏమిటంటే, ఆ దారి పక్కనే వరసగా ఉన్న తొమ్మిది ఇటుక గదులు. బానిసలు ఉండినవి. ఆ ఎస్టేట్‌లోనే ఇటుకల బట్టీలు నడిపారు, ఇటుక కోసింది కూడా వాళ్లే. చార్ల్స్‌టన్ పాత గోడల్లో ఇటుకలకి దగ్గరగా వెళ్లి చూస్తే కొన్నింటి మీద వేళ్ల గుర్తులు కనిపిస్తాయి. పచ్చి ఇటుకని అచ్చులోంచి తీసి ఎండకి తిప్పినప్పుడు పడిన గుంటలు. కొన్ని మరీ చిన్నవి, పిల్లలవి.

శ్రీను గారు చెప్పిన ఆష్లీ రివర్ రోడ్డు మీదే డ్రేటన్ హాల్, మాగ్నోలియా, మిడిల్టన్ ప్లేస్ ఉన్నాయి. 1706 నాటి ఓల్డ్ సెయింట్ ఆండ్రూస్ చర్చి కూడా ఆ రోడ్డు మీదే, సౌత్ కరోలినాలో నిలిచి ఉన్న చర్చి భవనాల్లో అదే పాతది. మిడిల్టన్‌లో ఊట నీటి గది మీద 1850 దశకం మొదట్లో ఒక అంతస్తు లేపి బానిసలకి చాపెల్‌గా ఇచ్చారు, చిన్న గది, ఇప్పటికీ ఉంది. అసలు పెద్ద ఇల్లు 1865లో, అమెరికా అంతర్యుద్ధంలో, యూనియన్ (ఉత్తరాది) సైన్యం తగలబెడితే, మిగిలిన గోడలు 1886 భూకంపంలో పడ్డాయి. ఇప్పుడు మనం చూసేది పక్క భవనం ఒక్కటే.

ఇంకో విషయం, అట్లాంటా_లెన్స్ గారు మేడ మీద గ్యాలరీ అన్నారు. దక్షిణాదిలో అంతర్యుద్ధానికి ముందరి చర్చిల్లో ఆ గ్యాలరీలు చాలావరకు బానిసల్ని కూర్చోబెట్టడానికే. యజమానులు కింద, వీళ్లు పైన. మనం 'మంచి యాంగిల్' అని ఎక్కే చోటు అది. ఎక్కొద్దని కాదు, తెలిసి ఎక్కమని.

ఎన్ఆర్ఐ_నాన్న గారూ, ఇది మన నర్సి గారి ఒక్కరి పట్టింపు కాదండీ. 2019 డిసెంబర్‌లో కలర్ ఆఫ్ చేంజ్ అనే నల్లజాతి హక్కుల సంస్థ అడిగాక పింటరెస్ట్ (ఫొటోల సైట్), ది నాట్ (పెళ్లి ఏర్పాట్ల సైట్) రెండూ ప్లాంటేషన్ పెళ్లిళ్లని అందంగా చూపించే ప్రచారాన్ని తగ్గిస్తామన్నాయి. నటుడు రయన్ రెనాల్డ్స్ 2012లో బూన్ హాల్‌లో పెళ్లి చేసుకుని, 2020లో ఒక ఇంటర్వ్యూలో దానికి క్షమాపణ చెప్పాడు. లూసియానాలో విట్నీ ప్లాంటేషన్‌ని 2014లో పూర్తిగా బానిసల చరిత్ర చెప్పే మ్యూజియంగా తెరిచారు. అదే రాష్ట్రంలో నాటోవే అనే భవంతి పెళ్లిళ్లకి పేరుపడింది, 2025 మేలో కాలిపోయింది. అప్పుడు ఏడ్చినవాళ్లూ ఉన్నారు, పండగ చేసుకున్నవాళ్లూ ఉన్నారు. అంటే ఇది ఇంకా తేలని గొడవ.

మోడరేటర్_2 | బుధవారం, ఉదయం 8:10

చర్చ బాగుంది, కొనసాగించండి. రాత్రి వచ్చిన రెండు పోస్టులు తీసేశాం, అవి బూతులు. ఊళ్ల పేర్లు పెట్టి తిట్టుకోవడం ఇక్కడ వద్దు.

మాధవి_ర్యాలీ | బుధవారం, ఉదయం 10:25

కృష్ణ గారి పోస్ట్ రెండుసార్లు చదివాను.

శ్రీను గారూ, ఫొటోగ్రాఫర్ వెన్యూ మార్పించలేడు, ఆ సంగతి అందరికీ తెలుసు. మన చేతిలో ఉన్నది ఫ్రేమ్ ఒక్కటే. నేను అటువైపు చేసేటప్పుడు పాటించేది చెప్తాను, మీకు నచ్చితే తీసుకోండి.

ఆ గదుల ముందు జంటని నిలబెట్టను. 'రస్టిక్‌గా ఉంది, ఇటుక గోడ బాగుంది, తలుపు దగ్గర ఒకటి తీయండి' అని అడుగుతారు, ఖాయంగా అడుగుతారు. అప్పటికప్పుడు ఉపన్యాసం ఇస్తే పెళ్లి మూడ్ పోతుంది. అందుకే కాంట్రాక్ట్ సమయంలోనే షాట్ లిస్ట్‌లో (తీసే ఫొటోల జాబితా) మర్యాదగా రాసేస్తాను: బానిసలు నివసించిన కట్టడాలనూ, సమాధులనూ పోర్ట్రెయిట్లకి నేపథ్యంగా వాడను. ఎవరూ గొడవ పెట్టుకోలేదు. 'అయ్యో, అవి అవా' అన్నవాళ్లే ఎక్కువ.

రెండోది, మీ సెకండ్ షూటర్. స్థానిక అమ్మాయి అన్నారు. ఆ అమ్మాయి ఎవరో నాకు తెలీదు, కానీ నాతో ఒకసారి పనిచేసిన నల్లజాతి అమ్మాయి, మంచి ఫొటోగ్రాఫర్, చెట్ల దారి మొదట్లో కారు దిగి నాతో ఒకే మాట అంది: 'పెళ్లి తీస్తాను, ఆ ఇళ్ల వైపు నన్ను పంపకండి.' అంతే. ఆ రోజంతా నేను అటు పంపలేదు, తను చాలా బాగా తీసింది. మనం ముందే అడిగి ఉంటే వాళ్లు నోరు తెరిచి అడగాల్సిన అవసరం ఉండదు కదా.

ఇక ఆల్బమ్‌లోనూ, ఇన్‌స్టాలోనూ పెట్టేటప్పుడు 'పాతకాలపు వైభవం' లాంటి క్యాప్షన్లు నేను రాయను. ఊరి పేరు రాస్తే చాలు.

అట్లాంటా_లెన్స్ | బుధవారం, ఉదయం 11:48

మాధవి గారి షాట్ లిస్ట్ క్లాజ్ నాకూ పంపండి అక్కా. గ్యాలరీ సంగతి నాకు నిజంగా కొత్త.

ఎన్ఆర్ఐ_నాన్న | బుధవారం, సాయంత్రం 6:30

మాధవి గారు చెప్పిన పద్ధతి బాగుంది. దానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ ఒకటి అడుగుతాను. గదులు తప్పించి పక్కనే చెరువు గట్టున తీస్తే మాత్రం పాపం పోతుందా? ఆ చెరువు ఎవరు తవ్వారు మరి?

కూపర్_రివర్_కృష్ణ | బుధవారం, రాత్రి 8:15

మంచి ప్రశ్న వేశారు సార్. వాళ్లే తవ్వారు.

ఈ నదుల పక్కన నీళ్లలో తిన్నటి గట్లు కనిపిస్తాయి, ఇప్పుడు వాటి మీద కొంగలుంటాయి, నా ఫొటోలన్నీ అక్కడివే. అవి పాత వరి మడుల గట్లు. ఆటుపోట్లకి నది మంచినీరు పైకి లేచినప్పుడు చెక్క తూముల తలుపులు ఎత్తి మడిలోకి వదిలేవారు, తగ్గినప్పుడు బయటికి పంపేవారు. సైప్రస్ అడవి నరికి, బురదలో నిలబడి, పాములు, మలేరియా మధ్య మైళ్ల కొద్దీ గట్లు పోసింది ఆఫ్రికా నుంచి తెచ్చిన మనుషులు. పశ్చిమ ఆఫ్రికా తీరంలో వరి పండించడం తెలిసినవాళ్లు. కరోలినా గోల్డ్ లాంటి బియ్యం మీదే ఈ ఊరి డబ్బు చాలావరకు వచ్చింది. నీలిమందు కూడా ఇక్కడ పండించారు. ఉత్తర అమెరికాకి తెచ్చిన బానిసల్లో సుమారు 40 శాతం చార్ల్స్‌టన్ రేవు మీదుగానే వచ్చారని అంచనా. బానిసల ఓడలు ఆగిన ఆ రేవులోని గాడ్స్‌డెన్స్ వార్ఫ్ మీదే 2023 జూన్‌లో ఇంటర్నేషనల్ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియం తెరిచారు.

కాబట్టి ఎటు తిప్పినా అదే నేల. గదుల్ని ఫ్రేమ్‌లోంచి తీసేస్తే కడిగినట్టు అయిపోదు. దాచడం కూడా ఒకరకంగా అందంగా చూపించడమే. నాకు తోచింది ఒకటుంది. మిడిల్టన్‌లో, మాగ్నోలియాలో, బూన్ హాల్‌లో బానిసల చరిత్ర మీద విడిగా టూర్లు, ప్రదర్శనలు ఉన్నాయి. బయటి ఊళ్ల నుంచి శుక్రవారమే దిగే చుట్టాలకి ఆ మధ్యాహ్నం ఎలాగూ పనేం ఉండదు. అతిథులకి ఇచ్చే వెల్‌కమ్ బ్యాగ్‌లో పెట్టే కాగితం మీద ఆ టూర్ టైములు కూడా రాయించండి. వెళ్లేవాళ్లు వెళ్తారు.

షార్లెట్_శ్రీను | శుక్రవారం, రాత్రి 9:50

ఇంత చర్చ అవుతుందనుకోలేదు. అందరికీ థ్యాంక్స్. నిన్న పెళ్లికూతురు, పెళ్లికొడుకుతో కాల్‌లో మాట్లాడాను. అమ్మాయికి ఆ గదుల సంగతి తెలీదట, వెన్యూ చూపించడానికి తీసుకెళ్లినవాళ్లు తోట, చెట్లు, రిసెప్షన్ జాగా చూపించి పంపేశారట. అబ్బాయికి తెలుసు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, వాళ్ల చాపెల్ గ్యాలరీ కూడా బానిసల్ని కూర్చోబెట్టినదేనని, చిన్నప్పుడు అక్కడికెక్కి ఆడుకునేవాళ్లమని చెప్పాడు. వెన్యూ మార్చే వీలు లేదు, ఆరు వారాలే ఉంది. మాధవి గారి క్లాజ్ చదివి వినిపిస్తే ఇద్దరూ సరేనన్నారు. శుక్రవారం టూర్‌కి వాళ్లే వెళ్తామన్నారు, కాగితంలోనూ వేయిస్తారు. అమ్మాయి వాళ్ల నాన్నగారికి మాత్రం ఇదంతా అనవసరం అనిపించింది, ఎన్ఆర్ఐ_నాన్న గారిలాగే. ఆయన కోపం నా మీద కొంచెం ఉంది. ఫొటోలు చూశాక తగ్గుతుందేమో చూడాలి.

సెకండ్ షూటర్‌కి ఫోన్ చేసి అడిగాను. 'అడిగినందుకు థ్యాంక్స్' అని, తను చాపెల్ కింది భాగం, మండపం తీస్తానంది. గ్యాలరీ నేనే ఎక్కుతాను.

మిగిలినవి రెండు. హోమానికి వెన్యూ ఒప్పుకోవట్లేదు. పచ్చి బియ్యం చల్లొద్దన్నారు. పంతులుగారేమో హోమం లేకుండా ఎలా అంటున్నారు.

మాధవి_ర్యాలీ | శుక్రవారం, రాత్రి 10:20

'ఒప్పుకోం' అనేది మొదటి మాట మాత్రమే. చెట్ల కింద కాకుండా, కొమ్మలకి దూరంగా ఆరుబయట, నేల మీద ఇటుకలు పరిచి, ఇసుక పోసిన చిన్న హోమగుండం, పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, దగ్గర ఒక మనిషి. ఇలా రాసి, కొలతలతో చిన్న బొమ్మ గీసి పంపితే చాలాచోట్ల ఒప్పుకుంటారు. వాళ్ల భయం స్పానిష్ మాస్ గురించి, ఎండిపోతే నిప్పు ఇట్టే అంటుకుంటుంది. ఫైర్ పర్మిట్ అవసరమా అనేది కూడా వాళ్లనే అడగండి. అంటే సప్తపది మండపంలో కాకుండా ఎండలో జరుగుతుంది. పన్నెండు గంటల ఎండ. ఫణి గారూ, లైటు సంగతి మీరే చెప్పాలి.

అక్షింతల విషయం: మండపం కింద పెద్ద తెల్ల దుప్పటి పరిపించి, ఆ హద్దు దాటి చల్లొద్దని అతిథులకి చెప్పి, అయ్యాక దుప్పటితో సహా మడిచి తీసుకెళ్తామని రాసివ్వండి. తలంబ్రాలు ఎలాగూ ఆ దుప్పటి మీదే పడతాయి.

ఫుల్_ఫ్రేమ్_ఫణి | శనివారం, ఉదయం 8:05

ఆ టైముకి ఎండ పెద్దగా మారదు, ఎక్కడ నిలబడినా గట్టిగానే ఉంటుంది. జంటకి సూర్యుడు వీపు వైపు ఉండేలా నడిచే దారి పెట్టమనండి. ముఖాలు నీడలో సమానంగా వస్తాయి, పొగ వెనకనుంచి వెలుగుతుంది. 70-200తో దూరం నుంచి. హై స్పీడ్ సింక్‌లో (వేగమైన షట్టర్‌తోనూ ఫ్లాష్ పనిచేసే మోడ్) ఫ్లాష్ కొంచెం నింపండి. చుట్టూ తిరిగేటప్పుడు సగం దూరం సూర్యుడు ఎదురవుతాడు, ఆ సగంలో కాళ్లు, కొంగుముడి, పారాణి తీసుకోండి.

కూపర్_రివర్_కృష్ణ | శనివారం, ఉదయం 8:40

పక్షులవాడి సలహా ఒకటి. ఏసీ కారులోంచి, ఏసీ గదిలోంచి కెమెరా తీసి ఇక్కడి గాలిలో పెడితే లెన్స్ మీద ఆవిరి కమ్మేస్తుంది, అక్టోబర్‌లోనూ. తుడిస్తే మళ్లీ వస్తుంది. ముహూర్తానికి కనీసం అరగంట ముందు బ్యాగ్ బయట పెట్టి, జిప్ కొంచెం కొంచెంగా తెరవండి. చాపెల్ నుంచి బయటికి వచ్చేటప్పుడు కూడా ఇదే బాధ. గుమ్మం దగ్గర పూల రేకులు చల్లే ఫొటో కోసం ఒక బాడీని ముందే బయట ఎవరి చేతికైనా ఇచ్చి ఉంచండి.

సాయంత్రం నీటి దగ్గర నో-సీ-అమ్స్ అనే చిన్న పురుగులు కుడతాయి, దోమకంటే చిన్నవి, కనపడవు. పెళ్లికూతురి వీపు, మెడ ఎర్రగా పొంగితే రీటచ్‌కి మీకే పని. స్ప్రే కొట్టుకున్న చేతుల్తో లెన్స్ ముట్టుకోకండి, అందులో ఉండే డీట్ ప్లాస్టిక్‌ని తినేస్తుంది.

డ్రోన్_దాము | శనివారం, ఉదయం 9:02

కృష్ణ గారూ, ఆ కొంగల ఫొటోలు ఎక్కడ పెట్టారు? లింక్ ఇవ్వండి.